లెస్టర్ నుంచి బెర్లిన్‌కి: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో నా గురించి నాలుగు ముక్కలు రాశాక ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఆ సంచిక చూడనివాళ్ల కోసం మళ్లీ క్లుప్తంగా చెప్తాను. నాకు నాలుగేళ్లప్పుడు, 2001లో, అమ్మకి ఇంగ్లండ్‌లో నర్సు ఉద్యోగం వచ్చి మేం లెస్టర్ చేరాం. పెరిగింది అక్కడే, చదివింది అక్కడే, నా పాస్‌పోర్టు బ్రిటిష్‌ది. 2020 నవంబరులో రెండు సూట్‌కేసులతో బెర్లిన్ వచ్చాను. అప్పటికి నాకు ఇరవైమూడేళ్లు. యాప్‌లలో బటన్ల మీద, ఎర్రర్ మెసేజీల్లో కనిపించే ఇంగ్లీషు మాటలు రాయడం నా పని. "ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి" అని ఫోన్లో ఎప్పుడైనా కనిపిస్తే నన్ను తిట్టుకోవచ్చు.

మరీ బారుగా ఉన్న ప్రశ్నలు కత్తిరించాను. పేర్లు తీసేశాను.

ప్రశ్న: మా అమ్మాయికి 24. లండన్‌లో ఉద్యోగం బాగానే ఉంది. ఇప్పుడు బెర్లిన్‌లో ఆఫర్ వచ్చిందని వెళ్తానంటోంది. "రెండు గంటల ఫ్లైటు మమ్మీ, పక్క ఊరే కదా" అంటోంది. మేం ఇండియా నుంచి వచ్చి ఇక్కడ కుదురుకోవడానికి ఎంత కష్టపడ్డామో మాకే తెలుసు. తను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం ఎందుకు? – ఒక తల్లి, స్లౌ

జవాబు: ఆంటీ, ఎందుకు అనేది మీ అమ్మాయే చెప్పాలి. నన్నడిగితే "అందరూ వెళ్తున్నారని వచ్చాను" అంటాను, అది అంత గొప్ప కారణమేం కాదు. కానీ "పక్క ఊరు" అన్న మాట దగ్గర మాత్రం తనని కూర్చోబెట్టి మాట్లాడండి.

బ్రెగ్జిట్, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం, పూర్తిగా అమల్లోకొచ్చేదాకా, అంటే 2020 డిసెంబరు 31 దాకా, బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి బెర్లిన్ నిజంగా పక్క ఊరే. ఎవరినీ అడక్కుండా వచ్చి, ఉద్యోగం వెతుక్కుని ఉండిపోవచ్చు. నేను ఆ గడువుకి ఆరువారాల ముందు వచ్చి, డిసెంబరు 14న అడ్రసు నమోదు చేయించుకున్నాను. రెండు రోజుల తరువాత ఊరంతా లాక్‌డౌన్‌లో పడింది. ఆ ఒక్క నమోదు కాగితం వల్ల నాకు ఇక్కడ ఉండే హక్కు అలాగే నిలిచింది, దానికి గుర్తుగా తరువాత ఒక కార్డు ఇచ్చారు. మా తమ్ముడు 2021 వేసవిలో డిగ్రీ అయ్యాక వద్దామనుకున్నాడు. ఒకే అమ్మ, ఒకే ఇల్లు, ఒకే రంగు పాస్‌పోర్టు, కానీ ఆరునెలల తేడాతో వాడికి దారి మూసుకుపోయింది. ఇప్పుడు వాడు నా దగ్గరికొస్తే చుట్టపుచూపే: ఏ 180 రోజులు లెక్కేసినా అందులో 90 రోజులకి మించకూడదు.

మీ అమ్మాయికి ఆఫర్ ఉంది కాబట్టి దారి ఉంది. బ్రిటిష్ వాళ్లు వీసా లేకుండా జర్మనీలో దిగి, ఇక్కడే నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మనవాళ్లు చాలామంది పొరపడేది ఇక్కడే: అనుమతి చేతికి రాకుండా పని మొదలుపెట్టకూడదు. అందుకే లండన్‌లో ఉండగానే దరఖాస్తు పెట్టి, వీసాతోనే దిగడం మేలని నా అభిప్రాయం. ఇక్కడికొచ్చి జీతం లేకుండా వారాల తరబడి కూర్చునే టెన్షన్ ఉండదు.

ఇంకొకటి, అడగలేదు కానీ చెప్తాను. వెళ్లొద్దని మీరు చెప్పే కారణాలన్నీ మా అమ్మ కూడా చెప్పింది. చివరికి తనే నాతో పాటు లూటన్ ఎయిర్‌పోర్టుకి వచ్చి, సూట్‌కేసు బరువెక్కువైతే నా చలికోటు తీసి నాకే తొడిగింది.

ప్రశ్న: ఇల్లు దొరకాలంటే అడ్రసు నమోదు కావాలంటున్నారు, అడ్రసు నమోదు కావాలంటే ఇల్లుండాలంటున్నారు. ఇదేం లెక్క? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? – ఉద్యోగార్థి, బర్మింగ్‌హామ్

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

జర్మనీలో అన్నిటికీ మూలం అన్‌మెల్డుంగ్. ఇల్లు మారిన రెండు వారాల్లో బ్యూర్గరామ్ట్ అనే ఆఫీసుకెళ్లి "నేను ఫలానా గుమ్మంలో ఉంటున్నాను" అని నమోదు చేయించుకోవడం. ఇంగ్లండ్‌లో మనకిది అలవాటు లేదు. అక్కడ కరెంటు బిల్లు చూపించి అన్ని పనులూ చేయించేసుకుంటాం. ఇక్కడ బిల్లు చూపిస్తే ఏం చేసుకోమన్నట్టు చూస్తారు. నమోదైతే కొన్ని వారాల్లో పన్ను నంబరు పోస్టులో వస్తుంది. ఆ నంబరు లేకపోతే జీతంలో పన్ను కోత ఎక్కువ పడొచ్చు. అది తరువాత తిరిగొస్తుంది కానీ మొదటి నెల జేబుకి ఆ మాట చెప్పలేం కదా.

నమోదుకి ఇంటి యజమాని సంతకం చేసిన ఒక కాగితం కావాలి, అద్దె ఒప్పందం ఒక్కటే సరిపోదు. అందుకే గది చూడ్డానికి వెళ్లినప్పుడు కిటికీలు, గీజరు సంగతి తరువాత, ముందు "ఇక్కడ అన్‌మెల్డుంగ్ చేయించుకోనిస్తారా?" అనడగండి. చాలా చవకగా ఉందంటే చాలాసార్లు ఆ ప్రశ్నకి జవాబు "కుదరదు" అనే. నేను మొదట ఫ్రెండ్ సోఫా మీద పడుకున్నాను. అసలు అద్దెకున్నది వేరే అమ్మాయి. తను ఆ కాగితం రాసివ్వబట్టి బతికిపోయాను. అపాయింట్‌మెంట్ దగ్గర్లో దొరకలేదు, ఊరికి అవతల కొసన ఉన్న స్పాన్‌డావ్‌లో దొరికింది. బెర్లిన్‌లో ఏ పేటలో ఉన్నా ఏ బ్యూర్గరామ్ట్‌కైనా వెళ్లొచ్చు, ఇది గుర్తుపెట్టుకోండి. పొద్దున్నే కొత్త స్లాట్లు వదులుతుంటారు, పళ్లు తోముకుంటూ ఒకసారి చూడండి.

ఆ ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. మనవాళ్లు ఆలోచించకుండా రాసేస్తారు. కేథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే చర్చి పన్ను పడుతుంది, బెర్లిన్‌లో అది ఆదాయపు పన్నులో 9 శాతం. నమ్మకమున్నవాళ్లు ఆనందంగా కట్టండి, తెలియక మాత్రం కట్టకండి.

ఇక గది. ఒంటరిగా వచ్చే కుర్రవాళ్లందరిదీ ఒకే దారి: వేగే, అంటే నలుగురు కలిసి పంచుకునే ఫ్లాటు. దానికి ఇంటర్వ్యూ ఉంటుంది. ఉద్యోగం ఇంటర్వ్యూ కన్నా అదే కష్టం. వెడ్డింగ్ పేటలో నా గదికోసం వంటగదిలో ముగ్గురు ఎదురుగా కూర్చుని, "గిన్నెలు వెంటనే కడుగుతావా, పొద్దున కడుగుతావా?" అనడిగారు. వెంటనే అన్నాను. అది అబద్ధమని ఇప్పుడు వాళ్లకి తెలుసు. అద్దె మాట్లాడేటప్పుడు కాల్ట్, వార్మ్ అని రెండు అంకెలు వినిపిస్తాయి. కాల్ట్ అంటే ఉత్త గోడలకి, వార్మ్ అంటే హీటింగూ నీళ్లూ కలిపి. నా గది వార్మ్ 620 యూరోలు. అడ్వాన్సు కాల్ట్ అద్దెకి మూడు రెట్లు దాటకూడదని చట్టం, దాన్ని మూడు నెలవాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

మోసం ఒకటే మాదిరి ఉంటుంది. అందమైన ఫ్లాటు, తక్కువ అద్దె, "నేను ప్రస్తుతం విదేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు పోస్టులో పంపిస్తాను." కళ్లతో చూడని గదికి పైసా పంపకండి.

ప్రతి యజమానీ అడిగే కాగితాల్లో ఒకదాని పేరు మీట్‌షుల్డెన్‌ఫ్రైహైట్స్‌బెషైనిగుంగ్. భయపడకండి, మన సమాసం లాంటిదే. మీటె అంటే అద్దె, షుల్డెన్ అప్పులు, ఫ్రైహైట్ లేకపోవడం, బెషైనిగుంగ్ ధ్రువపత్రం. పాత ఇంటివాళ్లకి అద్దె బాకీ లేనని చెప్పే కాగితం. బర్మింగ్‌హామ్‌లో మీ ఇప్పటి ఇంటి యజమాని దగ్గర ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయించుకొచ్చినా కాస్త పనికొస్తుంది.

గది దొరికాక మొదటిరోజే పోస్టుడబ్బా మీద మీ పేరు అంటించండి. ఇక్కడ ఫ్లాట్లకి నంబర్లుండవు, పేరు చూసే ఉత్తరం వేస్తారు. నా బ్యాంకు కార్డు రెండుసార్లు వెనక్కిపోయాక గానీ నాకీ ముక్క ఎవరూ చెప్పలేదు.

ప్రశ్న: ఆదివారం షాపులన్నీ మూసేస్తారట, నిజమేనా? – లీడ్స్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిజమే. హాప్ట్‌బాన్‌హోఫ్ లాంటి పెద్ద రైల్వేస్టేషన్లలో సూపర్‌మార్కెట్లు తెరిచి ఉంటాయి, బెర్లిన్ మొత్తం అక్కడే లైన్లో ఉంటుంది. ఆదివారం గోడకి మేకు కొట్టకూడదు, గాజు సీసాలు చెత్తడబ్బాలో వేయకూడదు. వేశాను. కింది ఇంటి పెద్దావిడ చెప్పులేసుకుని నాలుగంతస్తులు ఎక్కొచ్చి చెప్పింది. ఇప్పుడు మేం మంచి స్నేహితులం, కానీ ఆ సంగతి ఆవిడ ఇంకా మర్చిపోలేదు.

ప్రశ్న: పోయిన నెల మీరు మిమ్మల్ని మీరు 'ఎక్స్‌పాట్' అని రాసుకున్నారు. నేను 1998లో ఈ దేశం వచ్చాను. నన్ను ఎవరూ ఎక్స్‌పాట్ అనలేదు, ఇమిగ్రెంట్ అనే అన్నారు. మీరు చేసిన పనే నేనూ చేశాను. తేడా ఏంటమ్మా? – మిల్టన్ కీన్స్ నుంచి ఒక రిటైర్డ్ ఇంజనీరు

జవాబు: తేడా ఏం లేదండీ. ఎక్స్‌పాట్ అన్నా సొంత దేశం వదిలి వేరేచోట ఉండేవాళ్లే. అలవాటుగా రాసేశాను. పట్టుకున్నందుకు థాంక్స్.

నాతో పనిచేసే బ్రిటిష్ కుర్రాళ్లంతా అదే మాట వాడతారు. ఆ మాటలో ఒక సౌకర్యం ఉంది: నేను ఇష్టపడి వచ్చాను, ఎప్పుడైనా వెళ్లిపోగలను అని. బ్రెగ్జిట్ తరువాత కొత్తగా వచ్చినవాళ్లకి ఆ సౌకర్యం సగం పోయింది. నా కార్డు తెచ్చుకోవడానికి వెళ్లిన ఆఫీసు పేరు లాండెసామ్ట్ ఫ్యూర్ ఐన్‌వాండెరుంగ్. ఐన్‌వాండెరుంగ్ అంటే వలస రావడం. వేలిముద్రలిస్తూ ఆ బోర్డు చూశాను. నా ముందు ఒక సిరియా కుటుంబం, వెనక ఒక ఆస్ట్రేలియా అమ్మాయి, అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ ఫోల్డరు.

ఫోల్డరంటే గుర్తొచ్చింది. లెస్టర్‌లో మా ఇంట్లో మెట్లకింద నాన్న నీలంరంగు బాక్స్ ఫైలు ఉండేది. 2001 నుంచి వచ్చిన ప్రతి ఉత్తరం అందులో ఉంది: వీసా ఉత్తరాలు, గ్యాస్ బిల్లులు, మా టీకాల కార్డులు, బడి నుంచి వచ్చిన తట్టు నోటీసు కూడా. నేనూ తమ్ముడూ నవ్వేవాళ్లం. "నాన్నా, 2004 గ్యాస్ బిల్లు ఎవరడుగుతారు?" అని. ఆయన నవ్వేవారు కాదు. "అడిగినరోజు తెలుస్తుంది" అనేవారు. బెర్లిన్ వచ్చిన మూడో నెలలో నేను వెళ్లి ఓర్డ్‌నర్ కొన్నాను, జర్మన్ల ఇళ్లల్లో వరసగా ఉండే ఆ లావుపాటి రింగు ఫైలు. ఇప్పుడు నాలుగున్నాయి. నేను ఎక్స్‌పాట్‌ననుకుని వచ్చినదాన్నే, కానీ నా అల్మారా చూస్తే మీకు నా గురించి వేరే మాటే తోస్తుంది.

ఒక్క తేడా మాత్రం ఉందండీ, అది మీవైపు మొగ్గుతుంది. నాన్న ఇండియన్ పాస్‌పోర్టుతోనే 2005 ఎన్నికల్లో లెస్టర్‌లో ఓటేశారు, కామన్వెల్త్ దేశస్థులకి అక్కడ ఆ హక్కుంది కాబట్టి. నేను ఇక్కడ ఐదేళ్లకి పైగా పన్ను కడుతున్నాను. 2026 సెప్టెంబరులో బెర్లిన్ ఎన్నికలు. నా ఫ్లాట్‌మేట్ ఇటలీవాడు కాబట్టి కనీసం మా పేట సభకి ఓటేస్తాడు. నాకు అదీ లేదు. పార్కులో బెంచీ ఎక్కడుండాలో చెప్పడానిక్కూడా ఓటులేదు. బ్రిటన్ ఎన్నికల్లో మాత్రం ఉంది: దేశం వదిలి 15 ఏళ్లయితే ఓటు పోతుందన్న నియమాన్ని 2024 జనవరిలో ఎత్తేశారు. 2024 జులైలో నా తరఫున అమ్మ వేసింది. పోస్టు బ్యాలెట్‌ని నమ్ముకోకుండా ఇంట్లోవాళ్లని ప్రాక్సీగా పెట్టుకోండి. అమ్మ నేను చెప్పినవాళ్లకే వేసిందా అంటే, వేశానంది.

ప్రశ్న: బెర్లిన్ వచ్చి ఏడాది దాటింది. ఆఫీసులో ఇంగ్లీషే, ఫ్రెండ్స్ అంతా ఇంగ్లీషువాళ్లే. జర్మన్ మాట్లాడబోతే ఎదుటివాళ్లు వెంటనే ఇంగ్లీషులోకి మారిపోతున్నారు. సిగ్గుగా ఉంది, ఒంటరిగానూ ఉంది. – నాటింగ్‌హామ్ కుర్రాడు, నోయ్‌క్యోల్న్‌లో ఉంటున్నాను

జవాబు: తమ్ముడూ, ఒంటరితనం సంగతి ముందు. నువ్వు రాసిన ఉత్తరంలో వారాంతం మొత్తం ఫోన్లో ప్రీమియర్ లీగ్ చూస్తానన్నావు. చూడు, తప్పులేదు, కానీ ఎక్కడైనా పదిమంది మధ్య కూర్చుని చూడు. నేను మొదటి చలికాలం మంచం మీద కూర్చుని లెస్టర్ స్నేహితుల వాట్సాప్ గ్రూపులోనే బతికాను. కాలు బెర్లిన్‌లో, తల లెస్టర్‌లో. ఫిబ్రవరి వచ్చేసరికి రెండుచోట్లా లేను.

నాకు పనిచేసింది ఫోల్క్స్‌హోఖ్‌షూలె. బెర్లిన్‌లో ప్రతి పేటకీ ఒకటుంటుంది, పెద్దవాళ్లకోసం నగరమే నడిపే సాయంత్రపు బడి. ప్రైవేటు స్కూళ్లకన్నా ఫీజు చాలా తక్కువ. అక్కడ మా క్లాసులో ఇంగ్లీషు రానివాళ్లే ఎక్కువ. ఉక్రెయిన్ పెద్దావిడతో మాట్లాడాలంటే నా విరిగిన జర్మనూ ఆవిడ విరిగిన జర్మనూ తప్ప వేరే దిక్కులేదు. మన ఇంగ్లీషు ఇక్కడ ఒక మెత్తటి దుప్పటి, చలి తెలియనివ్వదు కానీ లేవనివ్వదు కూడా. కొట్లో ఎవరైనా ఇంగ్లీషులోకి మారితే "ఇష్ లెర్నె గెరాడె డాయిచ్" అను, ఇప్పుడిప్పుడే జర్మన్ నేర్చుకుంటున్నా అని. చాలామంది నవ్వి నెమ్మదిగా మాట్లాడతారు. నవ్వనివాళ్లు కూడా ఉంటారు, బెర్లిన్ దుకాణాల్లో నవ్వు ఉచితం కాదు.

నీకు తెలియని బలం ఒకటుంది. మిగతా ఇంగ్లీషు పిల్లలకి లేనిది. జర్మన్‌లో 'డూ', 'జీ' అని రెండున్నాయి కదా. మా ఆఫీసు బ్రిటిష్ కుర్రాళ్లు ఎవరిని ఏమనాలో తెలియక వణికిపోతారు. నీకు వణుకెందుకు? నువ్వు, మీరు. అంతే. ఇంటి యజమానికి మీరు, బ్యూర్గరామ్ట్‌లో మీరు, క్లాస్‌మేట్‌కి నువ్వు. పెద్దవాళ్లు "డూ అనేసుకుందాం" అని వాళ్లంతట వాళ్లు అనేదాకా ఆగాలి, మనం తొందరపడకూడదు. కింది ఇంటి పెద్దావిడ నాతో ఆ మాట అనడానికి రెండేళ్లు పట్టింది, ఆ రోజు గ్లాసులో ఏదో పోసి ఇచ్చింది కూడా.

క్రియ చివర పెట్టడం అంటే ఇంగ్లీషువాళ్లకి తలనొప్పి. "వైల్ ఇష్ మ్యూడె బిన్" అనే ముక్క చూడు. వైల్ అంటే ఎందుకంటే. తరువాత ఇష్ నేను, మ్యూడె అలసి, బిన్ ఉన్నాను. నేను అలసి ఉన్నాను. ఇంట్లో అమ్మతో మాట్లాడే వరసే. ఇంగ్లీషులో ఆలోచించి జర్మన్‌లోకి మార్చకు, అలాంటి వాక్యం వచ్చినప్పుడు తెలుగులో ఆలోచించు. అంకెల దగ్గర మాత్రం తెలుగు కాపాడదు. ఇరవైఒకటిని వాళ్లు "ఒకటీ ఇరవై" అంటారు. నేను ఇప్పటికీ ఫోన్ నంబర్లు ఒక్కో అంకె విడదీసి చెప్పమంటాను.

ప్రశ్న: మా పాప బెర్లిన్‌లో ఉంది. లెస్టర్ నుంచి ఇంట్లో కాచిన నెయ్యి, గోంగూర పచ్చడి పంపుదామనుకుంటున్నాను. కస్టమ్స్‌లో ఆపుతారా? – ఒక అమ్మ, బెల్‌గ్రేవ్ రోడ్డు దగ్గర

జవాబు: నెయ్యి పంపకండి అమ్మా. బ్రెగ్జిట్ తరువాత, 2021 నుంచి, బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాలపదార్థాలు సంచిలో తేకూడదు, పోస్టులోనూ పంపకూడదు. నెయ్యి పాలకిందే లెక్క. చికెన్ పచ్చడి అస్సలు వద్దు. నూనెలో మగ్గిన గోంగూర పచ్చడి ఫరవాలేదు. పచ్చి కరివేపాకు రెమ్మలకి మాత్రం మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కాబట్టి అదీ కుదరదు. పార్సిల్ అయితే కస్టమ్స్ ఫారంలో బహుమతి అని రాసి, విలువ 45 యూరోలు దాటకుండా చూసుకోండి, దాటితే పన్ను పడుతుంది.

మా అమ్మకి ఇదంతా చెప్పినా ఒకసారి చీరమడతలో సీసా పెట్టి పంపబోయింది. ఎయిర్‌పోర్టులో నేనే తీసి తమ్ముడి చేతికిచ్చాను. మీ పాపకి చెప్పండి: ఇక్కడ ప్రతి సూపర్‌మార్కెట్లో బుటర్‌ష్మాల్ట్స్ అని దొరుకుతుంది, కాచిన వెన్నే. వాసన అమ్మ నెయ్యిలా ఉండదు. వెన్న కొని సన్నసెగ మీద కాస్త ఎర్రబడేదాకా కాచుకుంటే దగ్గరికొస్తుంది.

ప్రశ్న: జబ్బు చేస్తే అక్కడ ఎలా? ఎన్‌హెచ్‌ఎస్ (ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యం) మీద అలవాటుపడ్డ ప్రాణం కదా. – రెడింగ్ నుంచి

జవాబు: ఇక్కడ ఇన్సూరెన్సు తప్పనిసరి. ప్రభుత్వ పద్ధతిలో ఉంటే జీతంలో 14.6 శాతం, దానిపైన సంస్థనిబట్టి ఇంకొంచెం. సగం మనది, సగం యజమానిది. మొదటి పేస్లిప్ చూసి గుండె జారింది. తరువాత ఒకసారి జ్వరంతో పదిరోజులు పడుకుంటే పూర్తిజీతం వచ్చింది, ఆరువారాల దాకా యజమాని అలా ఇవ్వాల్సిందే. అప్పుడు కాస్త మనసు కుదుటపడింది.

అయితే డాక్టరు దగ్గరికి ఇంగ్లండ్ అలవాటుతో వెళ్లకండి. నాకు మొదటిసారి దగ్గొస్తే ఆవిరి పట్టమని, సేజ్ ఆకు టీ తాగమని పంపించారు. అమ్మమ్మ వైద్యానికి ఇన్సూరెన్సు కార్డు గీకినట్టనిపించింది. పారాసిటమాల్ సూపర్‌మార్కెట్లో దొరకదు, మందులషాపులోనే కొనాలి, ఆదివారం అవీ వంతులవారీగానే తెరుస్తారు. ఒక అట్ట ఇంట్లో పెట్టుకోండి. రాత్రిపూట డాక్టరు కావాలంటే 116117, ప్రాణాపాయమైతే 112.

లెస్టర్ వెళ్లినప్పుడు అమ్మ పనిచేసే హాస్పిటల్లోనే నా పేరు 'ఇక్కడ నివాసం లేదు' అని పడుతుంది. ఎమర్జెన్సీ చూస్తారు కానీ, హాస్పిటల్లో మిగతా వైద్యం మామూలుగా అక్కడ ఉండేవాళ్లకే ఉచితం. సబబే. అయినా మొదటిసారి విన్నప్పుడు ఎక్కడో గుచ్చుకుంది.

ప్రశ్న: చదువు అప్పు ఎగ్గొట్టొచ్చా? – పేరు రాయను

జవాబు: పేరు రాయకపోవడం మంచిదైంది. మూడు నెలలకి మించి దేశం దాటితే స్టూడెంట్ లోన్స్ కంపెనీకి చెప్పాలి. ఇక్కడి ఆదాయం చూసి నెలకి ఎంతో నిర్ణయిస్తారు, పరిమితి దాటకపోతే కట్టక్కర్లేదు. చెప్పకుండా కూర్చుంటే వాళ్లే ఒక అంకె వేసేస్తారు, అది పెద్దగా ఉంటుంది.

ప్రశ్న: మీరు చేసిన అతి తెలివితక్కువ పని? – కోవెంట్రీ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: సీసాల సంగతి పైన చెప్పేశాను కాబట్టి రెండోది చెప్తాను. బెర్లిన్ మెట్రోకి గేట్లుండవు. టికెట్టు కొని, ప్లాట్‌ఫారం మీదున్న చిన్న డబ్బాలో పెట్టి ముద్ర కొట్టించాలి. నేను కొన్నాను, ముద్ర కొట్టించలేదు. లియోపోల్డ్‌ప్లాట్స్ దగ్గర మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు పట్టుకున్నారు. "లండన్‌లో గేటే చూసుకుంటుందండీ" అన్నాను. "ఇది లండన్ కాదు" అన్నారు, 60 యూరోలు రాశారు. వాళ్లని అనడానికేం లేదు. ఇప్పుడు నెలకి దేశమంతా లోకల్ రైళ్లూ బస్సులూ ఎక్కగలిగే డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకుంటున్నాను. 2023లో 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63.

ప్రశ్న: జర్మన్ పౌరసత్వం తీసుకుంటే బ్రిటిష్‌ది పోతుందా? మీరు తీసుకుంటున్నారా? – డాక్‌లాండ్స్, లండన్

జవాబు: పోదు. 2024 జూన్ 27న వచ్చిన చట్టంతో జర్మనీ రెండు పౌరసత్వాలనీ ఒప్పుకుంటోంది, బ్రిటన్‌కి ఎప్పటినుంచో అభ్యంతరం లేదు. మామూలుగా ఐదేళ్ల నివాసం, బీ1 స్థాయి (రోజువారీ మాటలకి సరిపడే) జర్మన్, సొంత సంపాదన కావాలి. 33 ప్రశ్నల పరీక్ష ఒకటి, 17 సరిగ్గా రాస్తే చాలు. ప్రశ్నలు మొత్తం 310 ముందే బయట ఉంటాయి, కంఠస్థం చేసి పెరిగిన మనకి అదొక లెక్క కాదు. పరీక్షకి 25 యూరోలు, పౌరసత్వానికి 255.

నేను పరీక్ష రాశాను, 31 వచ్చాయి. దరఖాస్తు పోయిన డిసెంబరులో పెట్టాను, ఇంకా జవాబు రాలేదు. పెట్టే ముందురోజు రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఇంకో దేశం మనిషివి అవుతున్నావా అని బాధపడతారేమో అనుకున్నాను. ఆయన ఒక్క నిమిషం ఆగి, "ఎన్ని కాపీలు తీశావు?" అనడిగారు. ఒకటి అన్నాను. మూడు తీయమన్నారు. వెడ్డింగ్‌లో ఆ టైముకి తెరిచున్న కొట్టు వెతుక్కుంటూ, వానలో, పైజమా మీద కోటేసుకుని వెళ్లాను. ఒక్కో పేజీ పది సెంట్లు.